నాలుగో నంబర్ పంపు

ఒక్క రూపాయి కోసం నేను కొట్లాడని చోటు దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా లేదు. నీళ్ల సీసా మీద అచ్చేసిన ధర కన్నా ఎక్కువ అడిగిన హోటలు వాణ్ని నిలదీశాను. చేతిసంచికి వేరే డబ్బులన్న బట్టల షాపులో మేనేజరు దిగి వచ్చేదాకా కుర్చీలోంచి లేవలేదు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయిన వాణ్ని. చిల్లర లేనప్పుడు టికెట్ వెనక రాసిచ్చి, దిగేటప్పుడు పిలిచి మరీ చేతిలో పెట్టిన వాణ్ని. నా పేరు గోపయ్య అయినా కాలనీలో చాలామంది కన్జ్యూమర్ గోపయ్య అంటారు. ఆ పిలుపు నాకు ఇష్టంగానే ఉండేది. నన్ను ఎవరైనా మోసం చేస్తే నాకు అన్నం సహించదు. వేరేవాళ్లను చేస్తే ఏం చేస్తావని నన్నెవరూ అడగలేదు. మొన్నటి ఎండాకాలం అడిగింది.

మా ఇల్లు గడ్డిఅన్నారంలో, పాత పండ్ల మార్కెట్ వెనక సందులో. మార్కెట్ బాటసింగారానికి వెళ్లిపోయాక సందులో లారీల రొద పోయింది, ఈగలు తగ్గాయి, కిరాయిలు కూడా తగ్గాయి. మేడ మీద ఒక గది, చిన్న వంటిల్లు ఉంటే శివరాత్రి ముందు గీత, వాళ్లమ్మ సాయమ్మ వచ్చి దిగారు. వాళ్లది నల్లగొండ పక్క పల్లె, మాదీ అటే. మా ఆవిడ సుమిత్రమ్మ ఎవరి పిల్లవే, ఏ ఇంటిదానివే అని అడుగుతూ అడుగుతూ ఎక్కడో ఒక చుట్టరికం పట్టేసింది. వారం తిరగకుండా ఆమె పెద్దమ్మ అయింది, నేను పెద్దనాయినను అయ్యాను. మాకు పిల్లలు లేరు. మెట్ల మీద ఆ పిల్ల చెప్పుల చప్పుడు వినబడితే సుమిత్రమ్మ టీ గిన్నెలో ఇంకొంచెం నీళ్లు పోసేది.

గీత ఎల్బీనగర్ దగ్గర ఒక బంకులో పెట్రోలు పోసేది. నీలం చొక్కా, టోపీ, ముక్కు మీదుగా చుట్టుకున్న స్కార్ఫ్. సాయంత్రం వచ్చేసరికి తల పట్టుకుని మెట్ల మీద కూర్చునేది. ఆ వాసనకు తలనొప్పి, ఎండకు కళ్ల మంట. జూన్ నుంచి లోపల కౌంటర్‌లో కూర్చోబెడతానని మేనేజరు మహేందర్ మాట ఇచ్చాడట. అద్దాల గది, ఏసీ, తిరిగే కుర్చీ. ఆ కుర్చీ సంగతి రోజు విడిచి రోజు సుమిత్రమ్మకు చెప్పేది. కొత్తగా చెబుతున్నట్టే చెప్పేది, మా ఆవిడా కొత్తగా వింటున్నట్టే వినేది.

ఉగాది నాడు పచ్చడి గిన్నె తీసుకుని నేనే మేడెక్కాను. గీత ఇంత చేతిలో వేసుకుని నాకి, పులుపుకు ఒక కన్ను మూసి, మెట్ల దాకా నా వెంట వచ్చింది. అక్కడ ఆగి, గొంతు తగ్గించి చెప్పింది.

"పెద్దనాయినా, మా బంకుకొస్తే నాలుగో నంబర్ పంపుకు రా. రెండో దానికి పోకు."

ఎందుకని అడిగాను. మెట్ల కింద ఎవరూ లేరని చూసుకుంది. తర్వాత చెప్పింది. రెండో దాంట్లో మీటర్ మంచిగానే తిరుగుతుందట, పెట్రోలే తక్కువ పడుతుందట. లోపల ఏదో పెట్టించారట. ఎవరైనా కొలిచి చూపించమని గట్టిగా అడిగితే ఐదు లీటర్ల క్యాను తెచ్చి నాలుగో దాంట్లోనే కొలిచి చూపిస్తారట. అందుకని అది మాత్రం సరిగ్గా ఉంచుతారట.

"నీ పైసలు పోతుంటే చూడబుద్ధి కాలె. ఎవరికీ చెప్పకు," అంది.

కన్జ్యూమర్ గోపయ్యకు ఆ మాట వినగానే ఒళ్లు మండాలి కదా. మండలేదు. నిజం చెప్పాలంటే సంతోషమయింది. బస్సులో తెలిసిన మనిషికి కిటికీ పక్క సీటు ఆపినట్టు, నాకోసం ఒకరు ఒక పంపు ఆపారు. ఊళ్లో నా మనిషి ఒకరు ఉన్నారన్న ధీమాతో మెట్లు దిగాను.

అప్పటి నుంచి నాలుగో నంబరే. గీత నాజిల్ పట్టుకుని, "జీరో చూడు పెద్దనాయినా" అని నవ్వుతూ అనేది. నువ్వు పోస్తుంటే నేను చూసుడేంది అని నేను కావాలనే మొహం పక్కకు తిప్పేవాణ్ని. అది మా ఇద్దరికీ ఆట అయిపోయింది. మొహం తిప్పితే ఎదురుగా రెండో నంబరు కనిపించేది. దాని ముందు ఎప్పుడూ వరసే. స్కూలు బ్యాగు ఒళ్లో పెట్టుకుని స్కూటీ మీద ఒక టీచరమ్మ. ఫుడ్ డెలివరీ పిల్లలు. టీవీఎస్ మోపెడ్‌కు రెండు పక్కలా పండ్ల డబ్బాలు కట్టుకుని ఒకాయన. ఒకరోజు ఆయన పంపు దగ్గర గొడవ పడుతున్నాడు. ఇంత పోయించుకుంటే ఇంత దూరమే వస్తుందేందని. నీ బండి పాతదయింది తాతా, ఇంజను చూపించుకో పో అని అక్కడివాడు అంటున్నాడు. ఆయన బండి వైపు చూసుకున్నాడు. నేను కిక్కు కొట్టి బయటికి వచ్చేశాను.

ఇంట్లో ఈ సంగతి చెబితే సుమిత్రమ్మ చింతపండు పిసుకుతూ అడిగింది.

"మరి రెండో దాని ముంగట నిలవడ్డోళ్లకు ఎవరు చెప్పాలె?"

ఆ పిల్ల నౌకరీ పోతది, నీకెందుకు అన్నాను. అది అబద్ధం కాదు. కానీ ఆ జవాబు అంత తొందరగా నా నోటికి ఎలా వచ్చిందో తర్వాత చాలాసార్లు ఆలోచించాను. నాకు సరిగ్గా పడుతోంది. నాకు అది చాలింది.

మే నెల వచ్చింది. ఊళ్లో పెళ్లుందని తల్లీబిడ్డలు వెళ్లారు. మేము మామిడికాయలకు బాటసింగారం పోదామనుకున్నాం. దారిలో బంకుకు వెళ్తే నాలుగో దానికి తాడు కట్టి ఉంది. ఎవరో కొత్తతను చెయ్యూపి రెండో దానికి రమ్మన్నాడు. నాకు నాలుగే కావాలంటే ఎందుకంటాడు. ఏం చెప్పను? నోరెత్తితే గీత పేరు బయటపడుతుంది. ఎవరితోనైనా కొట్లాడే మనిషిని, ఆ రోజు పిల్లిలా రెండో నంబరు ముందు నిలబడ్డాను. ట్యాంకు నింపే అలవాటు నాకు లేదు, ఎంత అవసరమో అంతే పోయించుకుంటాను. మీటర్ నా కళ్ల ముందే జీరో నుంచి కదిలి, నేను అడిగిన అంకె దగ్గర చక్కగా ఆగింది.

మార్కెట్ నుంచి తిరిగి వస్తుంటే పెద్దఅంబర్‌పేట రాకముందే స్కూటర్ ఆగింది. నెత్తి మీద ఎండ. పక్కన లారీలు దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి. ముందు మామిడికాయల డబ్బా, వెనక నడుస్తూ సుమిత్రమ్మ. తోసుకుంటూ వస్తున్నాను, చెమట కళ్లలోకి కారుతోంది, బంకు వాణ్ని తిట్టని తిట్టు లేదు.  

కాస్త ముందుకు పోయి ఒక మోపెడ్ ఆగింది. దిగిన మనిషి డబ్బాల కింద నుంచి ఒక సీసా తీసి, తన బండి పైపు పీకి అందులోకి పెట్రోలు వదిలాడు. దగ్గరికి వెళ్తే గుర్తుపట్టాను. రెండో నంబరు ముందు గొడవ పడినాయనే. పేరు మైసయ్య అని చెప్పాడు. సైదాబాద్ సందుల్లో పండ్లు అమ్ముతాడట.

డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. బండి నడిపేటోళ్లకు ఇదంతా మామూలే అన్నాడు. తర్వాత తన బండి సీటు మీద చెయ్యేసి, "నాది గూడ గిట్లనే ఆగుతున్నది. బండే తాగుతున్నదనుకుని ఇంజను విప్పించిన. రెండుసార్లు విప్పించిన. ఏం లేదన్నడు మెకానిక్," అన్నాడు.

సుమిత్రమ్మ నా మొహంలోకి చూసింది. నేను సీసా మూత బిగించాను. బిగిసిన మూతనే మళ్లీ బిగించాను. చెప్పడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు. నేను మాత్రం ఆయనకు రెండు మామిడికాయలు ఇచ్చి పంపాను.

ఇంటికొచ్చాక తూనికలు కొలతల శాఖకు ఫిర్యాదు చేస్తానని లేచాను. సుమిత్రమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి ఇస్తూ, "ఎండల నువ్వు తోస్తే గానీ నీకు కోపం రాలేదు," అంది. 

గీత ఊరి నుంచి వచ్చేదాకా ఆగాను. ఆ మాత్రం బుద్ధి ఉంది. మెట్ల మీద కూర్చోబెట్టి, ఫిర్యాదు చేద్దామనుకుంటున్నాను, నువ్వు వద్దంటే చేయను అన్నాను. ఆ పిల్ల గోరింటాకు పెట్టుకున్న చేతులు చూసుకుంది. ఆ రెండో నంబరు దగ్గర తనకూ డ్యూటీ పడుతుందట. పడిన రోజు ఎవరి మొహమూ చూడకుండా పోస్తుందట. స్కార్ఫ్ ఎందుకు కట్టుకుంటననుకున్నవ్ పెద్దనాయినా, వాసనకొక్కదానికేనా అంది.

"చెయ్యి. నా పేరు మాత్రం ఎక్కడ రానియ్యకు. కౌంటర్ల కూసోవాలె నేను."

రానివ్వనని ఆమె తల మీద చెయ్యి పెట్టి చెప్పాను.

అధికారులు వచ్చారు. ముందు మహేందర్ వాళ్లను నాలుగో నంబరుకే తీసుకెళ్లాడు. నేను పక్కనే నిలబడి, రెండో దాంట్లో కొలవండి సార్ అన్నాను. క్యాను మీది కొలత గుర్తు దాకా పెట్రోలు రాలేదు. మెషిన్ విప్పితే లోపల వేలెడంత ముక్క ఒకటి అతికించి ఉంది. సీలు వేశారు. జనం మూగారు. ఫోన్లలో వీడియోలు తీశారు. గీత దూరంగా మూడో నంబరు దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది, నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. సాయంత్రం మాత్రం చెప్పులు విడవకుండానే మా వంటింట్లోకి పరుగెత్తుకొచ్చి, క్యాను చూసినప్పుడు మహేందర్ మొహం ఎలా అయిందో చేసి చూపించింది. ముగ్గురం కళ్ల నీళ్లొచ్చేదాకా నవ్వాం. ఎవరికీ అనుమానం రాలేదు, కౌంటర్ మాట కూడా అలాగే ఉందని చెప్పింది.

అంతటితో ఆగి ఉంటే ఈ కథ చెప్పే పనే ఉండేది కాదు.

మా కాలనీ పార్కులో పొద్దున నడిచేవాళ్ల సంఘం ఒకటి ఉంది. దాని అధ్యక్షుడు పట్టాభిగారు, గుంటూరు నుంచి వచ్చి స్థిరపడిన మనిషి, ఎవరికైనా శాలువా కప్పనిదే ఆయనకు తోచదు. మనవరాలికి ర్యాంకు వచ్చినా శాలువా, మోకాలి ఆపరేషన్ అయి నడిచినా శాలువా. "మీరు వద్దంటే కుదరదండీ గోపయ్యగారూ, ఆదివారం సభ పెట్టేశాం," అన్నారు. వద్దనే ఉద్దేశం నాకు లేదు. ఇస్త్రీ చొక్కా తీశాను.

టెంటు వేశారు, మైకు పెట్టారు. సుమిత్రమ్మ, సాయమ్మ రెండో వరసలో కూర్చున్నారు. గీత డ్యూటీకి వెళ్లింది. పట్టాభిగారు నన్ను పొగిడి పొగిడి, చివర బాధితుల తరఫున మాట్లాడతారని ఒక మనిషిని పిలిచారు. మైసయ్య. ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని, చేతిలో బంతిపూల దండ పట్టుకుని వచ్చాడు. ఆయన్ను ఎవరు వెతికి పట్టుకొచ్చారో తెలియదు.

దండ నా మెడలో వేసి, మైకు పట్టుకోవడం రాక రెండు చేతులతో పట్టుకుని అన్నాడు. "ఈయనకు తెల్వంగనే ఊకోలేదు. మా అసుంటోళ్ల కోసం కొట్లాడిండు. నా బండికి రోగం లేదని ఈయన ఫిర్యాదు చేసినంక తెలిసింది."

జనం చప్పట్లు కొట్టారు. నా మెడ మీద ఆ దండ బరువుకు తల ఎత్తలేకపోయాను. తెల్వంగనే ఊకోలేదట. ఉగాది నుంచి మామిడికాయల దాకా ఊరుకున్నానని ఆ మనిషి ముందు ఎలా చెప్పను? చెప్పలేక, మోయలేక, బరువు ఎక్కడో ఒకచోట దించేయాలనిపించింది. మైకు అందుకున్నాను. ఇది నా గొప్ప కాదన్నాను. నాకు చెప్పినవాళ్లు వేరే ఉన్నారన్నాను. దండ తీసి పైకెత్తి పట్టుకుని, "ఇది మా ఇంట్ల ఉండే గీతకు పడాలె. ఆ బంకులనే పనిచేసుకుంట, ఏ పంపు ఎట్లున్నదో ధైర్యంగ నాకు చెప్పింది," అన్నాను.

మళ్లీ చప్పట్లు, ఇంకా గట్టిగా. ఒక్క క్షణం ఎంత హాయిగా ఉందో. తర్వాత రెండో వరస వైపు చూశాను. సాయమ్మ చప్పట్లు కొట్టబోయి ఆగిపోయి, చేతులు అలాగే ఒళ్లో పెట్టుకుంది. సుమిత్రమ్మ కళ్లు మూసుకుంది. ముందు వరసలో ఒకతను ఫోన్ పైకెత్తి పట్టుకుని ఉన్నాడు.

ఇంటికి నడుస్తుంటే సుమిత్రమ్మ నాకన్నా ముందు నడిచింది. కాలనీ గ్రూపులో వీడియో అప్పటికే తిరుగుతోంది. తీసేయమని పట్టాభిగారికి ఫోన్ చేశాను. ఎందుకండీ, అమ్మాయికి కూడా మంచి పేరే కదా అన్నారు. ఆయన తప్పేం లేదు.

మరుసటి రోజు ఎండ ముదరకముందే గీత ఇంటికి వచ్చేసింది. యూనిఫాం మీదే ఉంది, టోపీ లేదు. మా గుమ్మం ముందు నుంచే పోయింది. లోపలికి చూడలేదు. సాయమ్మ కాసేపటికి కిందికి దిగి, గడప బయట నిలబడి చెప్పింది. మహేందర్ అందరి ముందూ వీడియో పెట్టి చూపించాడట. పొమ్మన్నాడట. అది కూడా కాదు, లోపల ముక్క పెట్టిన సంగతి ఈ పిల్లకు మొదటి నుంచి తెలుసు, దీనికీ వాటా ఉంది, వాటా సరిపోక బయటపెట్టిందని పోలీసులకు చెప్పాడట. స్టేషన్‌కు రమ్మని ఫోన్ వచ్చిందట.

"మా పిల్ల పేరు ఎందుకు చెప్పినవ్ అన్నా?" అని అడిగింది సాయమ్మ. గొంతు పెంచలేదు.

మెచ్చుకుందామనే చెప్పానన్నాను. ఆమె తల ఊపింది. ఆ మాట నమ్మింది కూడా. నమ్మకుండా నాలుగు తిట్టి ఉంటే నాకు సులువయ్యేది.

స్టేషన్‌కు నేనూ వెళ్లాను. గీత బెంచీకి ఆ చివర, నేను ఈ చివర కూర్చున్నాం.  లోపలికి పిలిచారు. ఎస్సై వయసులో చిన్నవాడే, మర్యాదగానే కూర్చోమన్నాడు. ఫోన్‌లో నా వీడియో పెట్టాడు. దండ పైకెత్తి ఊగిపోతున్న ముసలివాణ్ని నేనే చూడలేకపోయాను. మహేందర్ గోడకానుకుని నిలబడ్డాడు.

ఎస్సై అడిగినదొక్కటే. ఈ అమ్మాయి మీకు ఎప్పుడు చెప్పింది, ఏం చెప్పింది?

నిజం చెబితే ఉగాది నాడు చెప్పింది అనాలి. అంటే ఆ పిల్లకు అంతకుముందే తెలుసు, తెలిసీ రోజూ పోసింది. మహేందర్‌కు కావలసింది అదే. నా సర్వీసు మొత్తంలో చెకింగ్ ఇన్‌స్పెక్టర్ ముందు ఒక్కసారి కూడా అబద్ధమాడలేదు, అది చెప్పుకుని బతికిన వాణ్ని. గీత వైపు చూశాను. ఆమె నేల చూస్తోంది.

"ఏం చెప్పలేదు సార్. ఆ పిల్లకు ఏం తెల్వదు," అన్నాను.

"మరి మైకుల చెప్పిన్రు గదా?"

"అబద్ధం చెప్పిన. నా బండి ఆగితే అనుమానమొచ్చి నేనే ఫిర్యాదు చేసిన. అందరు పొగుడుతుంటే ఇంకింత పొగడాలని, మా కిరాయికుండే పిల్ల పేరు కలిపి కథ చెప్పిన."

మహేందర్ నవ్వాడు. మరి రెండో పంపులోనే కొలవమని ఎట్ల చెప్పినవని అడిగాడు. నాకు తక్కువ పడ్డది దాంట్లనే గదా అన్నాను. ఎస్సై కుర్చీలో వెనక్కి వాలి నన్ను చాలాసేపు చూశాడు. నమ్మాడని అనుకోను. ఈ వయసులో ఇదేం పని పెద్దమనిషీ, మైకుల చెప్పింది మైకులనే సరి చెయ్యున్రి, ఆ వీడియో నాకు పంపున్రి అన్నాడు.

ఆదివారం మళ్లీ అదే పార్కు, అదే మైకు. పట్టాభిగారు ఎంతో ఇబ్బంది పడుతూ పెట్టించారు. జనం మొదటిసారి కన్నా ఎక్కువ వచ్చారు. పోయినసారి చెప్పింది అబద్ధం, గీతకు ఏ సంబంధమూ లేదు, గొప్ప కోసం ఆమె పేరు వాడుకున్నాను, క్షమించమని చెప్పాను. శాలువా మడిచి పట్టాభిగారి చేతిలో పెట్టాను. "అయ్యో, ఇదేంటండీ," అని ఆయన దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక చంకలో పెట్టుకున్నారు. వెనక వరసలో ఎవరో నవ్వారు. రెండు రూపాయలకు అందరి పరువు తీస్తడు, ఈయనవి మాత్రం గివా మాటలు అని ఇంకెవరో అన్నారు.

మైసయ్య కూడా వచ్చాడు. ఆయన నవ్వలేదు. మోపెడ్ పక్కన నిలబడి నన్నే చూస్తున్నాడు. నోటి చివర దాకా వచ్చింది, నిజంగా ఒప్పుకోవలసింది ఇంకొకటి ఉందని. ఉగాది నుంచి నాకు తెలుసు మైసయ్యా, నువ్వు ఇంజను విప్పించుకుంటుంటే నేను నాలుగో నంబర్లో పోయించుకున్నానని. అది చెబితే గీత మళ్లీ బోనులో నిలబడుతుంది. అందుకే చెప్పలేదు. అందుకే అని చెప్పుకుంటున్నాను. చెప్పకుండా ఉండటానికి నాకు మళ్లీ ఆ పిల్లే సాకుగా దొరికింది.

కేసులో గీత పేరు లేదు. మెషిన్ బాగుచేసే మనిషిని, ఓనరును నిందితులుగా చూపించారు. బంకు కొన్నాళ్లు మూసి, కొత్త మెషిన్లతో తెరిచారు. గీతను మాత్రం తీసుకోలేదు. చుట్టుపక్కల బంకుల్లోనూ తీసుకోలేదు. ఆ వీడియోలు రెండూ అందరి ఫోన్లలో ఉన్నాయి, ఏది నిజమో ఎవరికీ అక్కర్లేదు. లోపలి మాట బయటికి చెప్పే పిల్ల అని అనుకుంటే చాలు.

మృగశిర కార్తె నాడు వాళ్లు గది ఖాళీ చేశారు. ఒక ఆటోలో సామాను మొత్తం పట్టింది. సుమిత్రమ్మ ఆవకాయ జాడీ ఇస్తే సాయమ్మ తీసుకుంది. గీత పెద్దమ్మను పట్టుకుని ఏడ్చింది. నేను ఆటో దగ్గర నిలబడ్డాను. స్టేషన్‌లో చెప్పినదానికి ఏమైనా అంటుందేమోనని ఒక వెర్రి ఆశ. ఆమె నా కాళ్లకు దండం పెట్టింది, పెద్దవాళ్లకు పెట్టినట్టు. ఏమీ అనకుండా ఆటో ఎక్కింది.

ఇప్పుడు మా ఇంట్లో టీ ఇద్దరికే అవుతుంది. మేడ మీద గది కిరాయికి ఇద్దామంటే సుమిత్రమ్మ చూద్దాం అంటుంది. నాతో మాట్లాడుతుంది, అన్నం పెడుతుంది. ఆ రోజు చెంబుతో నీళ్లిస్తూ అన్న మాట మళ్లీ ఎప్పుడూ అనలేదు. హోటల్లో నీళ్ల సీసాకు ఎక్కువ అడిగినా ఈమధ్య నేను నోరెత్తడం లేదు.

గీతకు బడంగ్‌పేట్ అవతల ఒక బంకులో పని దొరికిందని సుమిత్రమ్మకు ఫోన్‌లో తెలిసింది. కౌంటర్లో కాదు, బయటే. ఒకరోజు పొద్దున స్కూటర్ తీశాను. ముసురు పట్టి ఉంది. దారిలో ఎన్నో బంకులు దాటాను. పెట్రోలు ముల్లు కిందికి పడిపోతున్నా ఆగలేదు.

ఆ బంకులో రెండే పంపులు. గీత ఒకదాని దగ్గర ఉంది. కొత్త యూనిఫాం, పచ్చరంగు. స్కార్ఫ్ కట్టుకోలేదు. వాన చినుకులు మొహం మీద పడుతున్నాయి. నా ముందు ఇద్దరు ఉన్నారు, వాళ్లిద్దరికీ మొహం చూసి పోసింది. నా వంతు వచ్చింది. నన్ను చూసింది, గుర్తుపట్టింది. చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆ క్షణంలో నేను చాలా మాటలు సిద్ధం చేసుకున్నాను. పెద్దమ్మ అడిగిందని చెబుదామనుకున్నాను. ఆమె ఆ పాత మాట అంటే, పాత అలవాటుగా మొహం పక్కకు తిప్పుదామనుకున్నాను.

ఆమె నాజిల్ ట్యాంకులో పెట్టి, మీటర్ వైపు చెయ్యి చూపించింది.

"జీరో చూడండి సార్."

చూశాను.